రోజూ ఆఫీసా, పూర్తిగా ఇల్లా, సగం సగమా: మనుషులు నిలిచేది ఎక్కడ?

నిరుడు మా టీమ్‌లో రాజీనామా చేసిన కుర్రాడు జీతం మాటే ఎత్తలేదు. "వనస్థలిపురం నుంచి గచ్చిబౌలికి రానూపోనూ మూడు గంటలన్నా, ఇక నా వల్ల కాదు" అన్నాడు. జీతం పెంచుతామన్నా ఆగలేదు.

రోజూ ఆఫీసు కావాలనేవాళ్లు టీసీఎస్‌ను చూపిస్తారు. 2023 అక్టోబర్ నుంచి ఐదు రోజులూ రమ్మన్నారు, అయినా మానేసేవాళ్లు పెరగలేదు కదా అని. నిజమే, 2022 సెప్టెంబర్ నాటికి 21.5 శాతం ఉన్న అట్రిషన్ (ఏడాదిలో ఉద్యోగం మానేసేవాళ్ల శాతం) 2023 డిసెంబర్‌కి 13.3కి దిగింది. కానీ అప్పుడు మార్కెట్టే చల్లబడింది, చేతిలో ఇంకో ఆఫర్ లేనివాడు ఎక్కడికి పోతాడు? ఉండిపోవడం వేరు, ఉండాలనుకోవడం వేరు.

పూర్తిగా ఇల్లు అంటే లెక్కల్లో బాగానే ఉంటుంది. చైనా ట్రావెల్ కంపెనీ సీట్రిప్ 2010 చివర్లో కాల్ సెంటర్ వాళ్లను వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి చేయనిచ్చింది. తొమ్మిది నెలల్లో మానేసేవాళ్లు సగానికి తగ్గారు, పని 13 శాతం పెరిగింది. తర్వాత మీ ఇష్టం అంటే మాత్రం, ఇంటి నుంచి చేసినవాళ్లలో సుమారు సగం మంది ఆఫీసుకే వచ్చేశారు. ఒంటరితనం! పైగా అంతే బాగా పనిచేసినా ప్రమోషన్లు తక్కువొచ్చాయి. అదీ కాల్ సెంటర్ పని. కోడింగ్‌లో కొత్తగా చేరిన ఫ్రెషర్ పక్క సీటు సీనియర్‌ను అడిగి రెండు నిమిషాల్లో తీర్చుకునే డౌట్, ఇంట్లో అయితే మొహమాటంతో సాయంత్రం దాకా నానుతుంది.

నా ఓటు సగం సగానికే. అదే కంపెనీ ట్రిప్.కామ్‌గా పేరు మార్చుకున్నాక, 2021-22లో 1,600 మందికి పైగా ఉద్యోగులతో ఇంకో ప్రయోగం చేసింది. ఇంజనీర్లు కూడా ఉన్నారు. పుట్టినతేదీ బేసి అయితే బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి, సరి అయితే ఐదు రోజులూ ఆఫీసు. ఇంటి అవకాశం దొరికినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. రేటింగులు, ప్రమోషన్లలో తేడా రాలేదు. ఎక్కువ లాభపడింది ఆడవాళ్లు, దూరం నుంచి వచ్చేవాళ్లు, మేనేజర్లు కానివాళ్లు. మా కుర్రాడు ఈ లెక్కలోవాడే.

అయితే అందరికీ అవే రోజులు ఉండాలి. ఎవరి రోజులు వాళ్లు ఎంచుకుంటే, గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చి ఇంట్లో ఉన్నవాడితో హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడాలి. కొండాపూర్ హాస్టల్లో ఉండే ఫ్రెషర్‌కి మాత్రం రోజూ ఆఫీసే నయం, అక్కడ ఏసీ ఉంటుంది, భోజనమూ దొరుకుతుంది. రాత్రి షిఫ్టు సపోర్ట్ టీమ్‌కి ఈ గొడవే పట్టదు, వచ్చే నెల రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) ముందుగా చేతికిస్తే చాలంటారు.