ఒకినావా నేవీ సొరంగం: టికెట్ కొనేముందు తెలుసుకోవాల్సిన తేదీలు

ఒకినావాలోని నాహా ఎయిర్‌పోర్ట్‌లో దిగారంటే, రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి జపాన్ నేవీ దళాన్ని నడిపిన రియర్ అడ్మిరల్ ఓటా మినోరు కాపాడాల్సిన నేల మీదే దిగినట్టు. 1945లో అది ఒరోకు ఎయిర్‌ఫీల్డ్. అక్కడికి కారులో పావుగంట దూరంలో, టొమిగుసుకు గుట్ట కింద, ఆయన భూగర్భ హెడ్‌క్వార్టర్స్ ఉంది. పెద్దలకు టికెట్ 600 యెన్లు. 105 మెట్లు దిగాలి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. లోపల ఉక్కపోత, తడి. జారని చెప్పులు వేసుకోండి.

1944లో నేవీ నిర్మాణ దళం గునపాలతో తవ్విన ఈ సొరంగం పొడవు సుమారు 450 మీటర్లు. చూడనిచ్చేది అందులో కొంత భాగమే. నడవాల గోడల మీద గునపం దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. స్టాఫ్ ఆఫీసర్ల గదిలో మాత్రం ఆగి చూడండి. తెల్లటి గోడంతా చిన్న చిన్న గుంటలు. అక్కడి అధికారులు గ్రెనేడ్లతో ప్రాణాలు తీసుకున్నప్పుడు ముక్కలు తగిలిన చోట్లు అవి.

చిక్కేమిటంటే, ఆ గోడ ఎలా ముగిసిందో చెబుతుంది గానీ ఎందుకలా ముగిసిందో చెప్పదు. అందుకే కొన్ని తేదీలు తెలుసుకుని వెళ్లాలి.

ఒకినావాలో జపాన్ 32వ సైన్యానికి కమాండర్ ఉషిజిమా. ఆయన సైన్యంలో మేటి అనదగ్గ 9వ డివిజన్‌ను 1944 చివర్లో తైవాన్‌కు తరలించేశారు. చేతిలో ఉన్న బలగంతో తీరమంతా కాయడం కుదరదని, తన స్టాఫ్ ఆఫీసర్ కర్నల్ యహారా ప్లాన్ ప్రకారం షురి గుట్టల్లో మాటేశారు. 1945 ఏప్రిల్ 1న అమెరికన్లు హగుషి తీరంలో దాదాపు ప్రతిఘటన లేకుండానే దిగి, ఆ రోజే యొంతాన్, కడేనా ఎయిర్‌ఫీల్డులు పట్టేశారు. టోక్యో మండిపడింది కానీ లెక్క యహారాదే సరైంది. బలగం చాలనప్పుడు ఓడల ఫిరంగుల ముందు తీరంలో నిలబడితే మొదటి వారంలోనే పని అయిపోయేది.

చీఫ్ ఆఫ్ స్టాఫ్ చో పట్టుబట్టి మే 4న చేయించిన ఎదురుదాడి ఘోరంగా దెబ్బతింది. దాచుకున్న ఫిరంగులను బయటికి తెచ్చి పోగొట్టుకున్నారు. మే చివర్లో షురి వదిలి దక్షిణాన మబునికి తగ్గారు. అప్పటికే జనం తలదాచుకున్న ప్రాంతం అది. సైన్యానికి కొన్ని వారాలు కలిసొచ్చాయేమో, జనాన్ని మాత్రం నిలువునా ముంచింది. నా దృష్టిలో ఈ యుద్ధంలో అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం అదే.

ఓటా కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఉపసంహరణ ఆదేశాన్ని తప్పుగా అర్థం చేసుకుని, నేవీ దళం భారీ ఆయుధాలను ధ్వంసం చేసి మే 26న దక్షిణానికి బయల్దేరింది. రెండు రోజులకే వెనక్కి రమ్మన్నారు. వచ్చేసరికి మిగిలినవి చిన్న ఆయుధాలు, పాడైన విమానాల నుంచి ఊడదీసిన తుపాకులు, ఈటెలు. జూన్ 4న అమెరికా 6వ మెరైన్ డివిజన్ ఒరోకు ఒడ్డున దిగింది. ఆ తుక్కుతోనే దాదాపు పదిరోజులు నిలిచారు. ఓటా జూన్ 13న ఆత్మహత్య చేసుకున్నాడు.

ఓటా జూన్ 6న పంపిన టెలిగ్రామ్‌ను తీరిగ్గా చదవండి. గవర్నర్ అడగకపోయినా, ఒకినావా జనం పడ్డ పాట్లన్నీ వివరించి, ముందుముందు వాళ్లను ప్రత్యేకంగా చూడమని నేవీ పెద్దలకు రాశాడు. ఇది చదివాక, సందేశాలను రహస్య సంకేతాల్లోకి మార్చిన కోడ్ గది దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఆగాలనిపిస్తుంది.

నా రేటింగ్ అయిదుకు నాలుగు. గంటన్నర కేటాయించుకోండి, పిల్లలు మరీ చిన్నవాళ్లయితే వద్దు. షురి కోట కింద ఉన్న 32వ సైన్యం సొరంగంలోకి జనాన్ని అనుమతించరు. కాబట్టి రోజంతా చేతిలో ఉంటే ఇక్కడి నుంచి నేరుగా మబుని శాంతి పార్కుకు కారు తిప్పండి.