ప్లానెట్ జూలో పక్షులు: రెడీమేడ్ గది మేలా, పెద్ద ఏవియరీ మేలా?

2019లో జూ కట్టి నడిపే కంప్యూటర్ గేమ్ ప్లానెట్ జూ వచ్చినప్పటి నుంచీ నా ఆశ ఒక్కటే, ఎగిరే పక్షులు. పెట్టాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, 2022లో విడిగా కొనుక్కునేలా వచ్చిన ట్వైలైట్ ప్యాక్‌లో గబ్బిలాలకు ఇచ్చినట్టు, జనం లోపలికి నడిచి వెళ్లే రెడీమేడ్ గది. కంప్యూటర్ మీద భారం తక్కువ, చిన్న పిట్టలకు బాగానే ఉంటుంది.

రెండోది, మనకు నచ్చినంత ఎత్తున వల కప్పి కట్టుకునే ఏవియరీ. నా ఓటు దీనికే. మాది నెల్లూరు, చలికాలంలో నేలపట్టు వెళ్తే గూడబాతులు రెక్కలు చాచి గాల్లో తేలుతూ వచ్చి చెరువులోని చెట్ల మీద వాలుతుంటాయి, అంత బరువైన పక్షి దిగగానే కొమ్మ ఊగడం చూసినవాళ్లకు గది ఎలా సరిపోతుంది చెప్పండి? గేమ్‌లో ఫ్లెమింగోలు ఉన్నాయి, కానీ నడుస్తాయంతే. పులికాట్‌లో గుంపంతా ఒక్కసారి లేచినప్పుడు రెక్కల్లో కనిపించే ఆ ఎరుపూ నలుపూ గేమ్‌లో ఎప్పుడూ చూడలేదు.

నిజమే, ప్రతి పక్షికీ ఎగిరే దారి, వాలే చోటు లెక్కగట్టడం తయారుచేసేవాళ్లకు పెద్ద పని. అయినా గదిలో పది జాతులు ఇచ్చే బదులు రెండే ఇవ్వండి, వాటిని ఎగరనివ్వండి.