132 కాలమ్‌ల తెర: ఎనిమిదేళ్లు వాడిన తర్వాత

తెర మీద అక్షరాలే తప్ప బొమ్మలు పెద్దగా కనిపించని డాస్ కంప్యూటర్ల రోజుల్లో గుంటూరులో ఒక పత్తి మిల్లు లెక్కలు చూసేవాణ్ని. మా రిపోర్టులన్నీ పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు తగ్గట్టు 132 అక్షరాల వెడల్పు. మామూలు 80 కాలమ్‌ల తెర మీద, అంటే వరుసకు 80 అక్షరాలే పట్టే తెర మీద, పార్టీ పేరు, బేళ్లు, బరువు వరకే కనిపించేవి. రూపాయల కోసం కుడివైపు జరిపితే పేరు కనపడకుండా పోయేది. కూడిక తప్పు పట్టుకోవాలంటే ప్రింటు తీయాల్సిందే.

తెరను నడిపే కొత్త వీజీఏ కార్డుతో పాటు ఇచ్చిన ఫ్లాపీలో మోడ్ (తెర మీద ఎన్ని కాలమ్‌లు, ఎన్ని వరుసలన్న అమరిక) మార్చే చిన్న ప్రోగ్రాం ఉంటే నడిపి చూశాను. తెర నల్లబడింది, మానిటర్లో టక్కుమంది, వెంటనే 132 కాలమ్‌లు, 43 వరుసలు! పేరు నుంచి రూపాయల దాకా ఒకే వరుసలో కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే ఆ మోడ్‌లోనే బేళ్ల ఎంట్రీ ప్రోగ్రాం తెరిచి హడలిపోయాను. మొదటి వరుస బాగానే ఉంది. రెండోది దాని పక్కనే 81వ కాలమ్ నుంచి మొదలైంది. మూడోది కింది వరుసలో 29వ కాలమ్ దగ్గర తేలింది. 25 వరుసల ఫారం పైనున్న పదహారు వరుసల్లో ఇరుక్కుపోయింది. డేటా పాడైందనుకుని, టెన్షన్‌తో బ్యాకప్ ఫ్లాపీలు కూడా బయటికి తీశాను. తీరా చూస్తే ఫైళ్లన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఆ ప్రోగ్రాం నేరుగా వీడియో మెమరీలోకి, అంటే తెర మీద కనిపించేదంతా ఉండే మెమరీలోకి రాస్తుంది. అక్షరానికి ఒక బైటు, రంగుకు ఒకటి, కాబట్టి వరుసకు 160 బైట్లని దాని లెక్క. ఈ మోడ్‌లో వరుసంటే 264 బైట్లు. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు తెర వెడల్పెంతో బయోస్‌ను (కంప్యూటర్లోనే ఉండే మూల ప్రోగ్రాంను) ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ కోపం నాకింకా పోలేదు. చివరికి ఆదేశాలను వరుసగా నడిపే ఒక బ్యాచ్ ఫైల్ రాసుకున్నాను: ముందు తెరను 80 కాలమ్‌లకు తిప్పే ‘మోడ్ సీఓ80’, తర్వాత ఎంట్రీ, అది ముగిశాక మళ్లీ 132.

ప్రాణం లేచొచ్చిందన్నాను గానీ, 14 అంగుళాల మానిటర్ మీద 43 వరుసలంటే అక్షరాలు మరీ పొట్టివి. 6కీ 8కీ తేడా కొన్ని చుక్కలే. ఒకసారి 86 బేళ్లను 88గా చదివి, గోడౌన్‌లో మళ్లీ లెక్కపెట్టించాను. అప్పట్నుంచి అంకెలు సరిచూడ్డానికి 132 కాలమ్‌లే ఉంచి, వరుసలు 25కి తగ్గించుకున్నాను. డేటాబేస్ ప్రోగ్రాంలు రాసే ఫాక్స్‌ప్రోలో కోడ్ రాసేటప్పుడు మాత్రం 80 కాలమ్‌లు, 50 వరుసలు పెట్టుకునేవాణ్ని.

వెడల్పు రిపోర్టులు రోజూ చూడాల్సిన పని నాది, పైగా అప్పటికి కళ్లజోడు రాలేదు. ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్లకైతే 80 కాలమ్‌లు చాలనే చెబుతాను.