సూంటో పీఎం-5 క్లైనోమీటర్: ఫారెస్ట్రీ చదివేవాళ్లు కొనొచ్చా?

బీఎస్సీ ఫారెస్ట్రీలో చేరేదాకా చెట్టుని కొలవడం ఇంత తిప్పలని ఎవరూ చెప్పరు. చుట్టుకొలతతో పేచీ లేదు, నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర టేపు చుట్టేస్తే అయిపోయింది. గొడవంతా ఎత్తుతోనే. ప్రాక్టికల్స్‌లో బ్యాచ్ మొత్తానికి ఒకటే పరికరం ఉంటే మన వంతు వచ్చేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చేస్తుంది. అందుకే రెండో ఏడాదిలో సొంతంగా ఈ క్లైనోమీటర్, అంటే చెట్టు కొసకి, మొదలుకి చూసే కోణాన్ని బట్టి ఎత్తు తేల్చే పరికరం, కొనుక్కున్నా. ఇప్పుడు పీజీలోనూ ఇదే వాడుతున్నా.

సూంటో ఫిన్లాండ్ కంపెనీ, 1936లో దిక్సూచులతో మొదలైంది. వస్తువు చూస్తే ఏముంది, అరచేతిలో ఇమిడే అల్యూమినియం డబ్బీ. లోపల ద్రవంలో తిరిగే చక్రం, దాని అంచున అంకెలు. బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు. ద్రవంలో చిన్న గాలిబుడగ కనిపిస్తే కంగారు పడకండి, రీడింగ్‌కి ఏమీ కాదు.

వాడకం అలవాటు కావాలి. ఒక కన్ను కటకం దగ్గర, రెండోది చెట్టు మీద, రెండూ తెరిచే ఉంచాలి. అప్పుడు లోపలి అడ్డగీత బయటికొచ్చి కొమ్మ మీద పడ్డట్టు కనిపిస్తుంది. మొదటి వారం తలనొప్పి ఖాయం. కొందరికి రెండు కళ్ల చూపూ సరిగ్గా కలవదు. కుడికన్నుతో ఒకసారి, ఎడమకన్నుతో ఒకసారి చూసి అంకె తేడా వస్తే మీరూ ఆ బాపతే. ఒక కన్ను మూసుకుని, గీతని డబ్బీ అంచు దాటి కనిపించే చెట్టుతో సరిచూసుకోవాలి.

నేను కొన్నది డిగ్రీలు, శాతాలు రెండూ ఉన్న మోడల్. ఎడమవైపు డిగ్రీలు, కుడివైపు శాతాలు, అంటే మనం నిలబడ్డ దూరంలో ఎత్తు నూటికి ఎంత అన్నది. చదునైన నేల మీద టేకు చెట్టు నుంచి 20 మీటర్లు కొలిచి నిలబడ్డాననుకోండి. కొసకి చూస్తే శాతం స్కేలు మీద 62, మొదలుకి చూస్తే కిందికి 8. రెండూ కలిపితే 70. ఇరవైలో 70 శాతం అంటే 14 మీటర్లు. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. అదే పొరపాటున ఎడమ స్కేలు చదివితే 32, 5 కనిపిస్తాయి. వాటినే శాతాలనుకుని కలిపేస్తే అదే చెట్టు ఏడున్నర మీటర్లు కూడా రాదు! మా జూనియర్ల రికార్డుల్లో ఇలాంటి మరుగుజ్జు టేకులు ఎన్ని చూశానో.

సగం ఎత్తు రాస్తే పోయేది మార్కులే అనుకోకండి. తోట వయసు తెలిసి, అందులో బాగా ఎదిగిన చెట్ల ఎత్తు తెలిస్తే ఆ నేల ఏ తరగతిదో తేలుతుంది. దాన్ని పట్టుకుని దిగుబడి పట్టికలోకి వెళ్తాం. హెక్టారుకి ఏటా ఎంత కలప పెరుగుతుంది, అడవి తరగకుండా ఎంత కొట్టొచ్చు అన్న లెక్క అక్కడినుంచే వస్తుంది. సుస్థిర యాజమాన్యం మీద ఎన్ని సెమినార్లు పెట్టినా చివరికి ఎవరో ఒకరు ఎండలో నిలబడి ఈ డబ్బీలోంచి చూడాల్సిందే.

దీనికి చేతకానివీ ఉన్నాయి. మర్రి, ఇప్ప లాంటి గుబురు చెట్ల కింద దగ్గరగా నిలబడితే అసలు కొస కనపడదు, పక్కకొమ్మనే కొస అనుకుని ఎక్కువ రాసేస్తాం. కనీసం చెట్టు ఎత్తంత దూరం వెనక్కి జరగాలి, దట్టమైన అడవిలో ఆ జాగా ఎక్కడిది? మీవైపు వాలిన చెట్టూ ఎక్కువే చూపిస్తుంది, వాలుకి అడ్డంగా పక్కకి వెళ్లి కొలవాలి. ఆకు రాలిన టేకు తోట మాత్రం దీనికి పండగే.

ఫోన్ యాప్ చాలదా అని అడుగుతారు. టేపుతో దూరం కొలుచుకుంటే నేర్చుకోవడానికి చాలు. కానీ మీరు ఫోన్ పట్టుకున్న ఎత్తుని బట్టి దూరాన్ని తానే లెక్కగట్టే యాప్‌లు ఎగుడుదిగుడు నేల మీద బోల్తా పడతాయి. పైగా మధ్యాహ్నం ఎండలో స్క్రీన్ కనపడి చావదు. లేజర్ పరికరాలు బాగుంటాయి, ఆ డబ్బు మనదగ్గర లేదు.

ఇదీ విద్యార్థి జేబుకి బరువే. రూమ్మేట్స్ ముగ్గురు కలిసి కొనుక్కోండి, సెకండ్‌హ్యాండ్ అయినా పర్వాలేదు. చెట్టుకి 15, 20 మీటర్ల దూరంలో నిలబడి చదివే స్కేళ్లు మాత్రమే ఉన్న మోడల్ కూడా దొరుకుతుంది. ఎత్తు నేరుగా మీటర్లలో చూపిస్తుంది కాబట్టి ప్లాంటేషన్ పనికి అదే హాయి. నల్లమల లాంటి కొండవాలుల్లో తిరిగేవాళ్లు డిగ్రీలున్నదే తీసుకోవాలి. వాలు మీద కొలిచిన దూరాన్ని చదును దూరంగా మార్చడానికి కోణం కావాలి మరి. ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎందుకు కోశానంటే, రెండు స్కేళ్ల అంకెలూ ఒకే రంగులో ఉంటాయి. ఏదో ఒకటి ఎర్రగా వేస్తే ఏం పోయింది?