మూడు వంతెనలు, ఒక తాళం: రాజమండ్రిలో రైలు నిధివేట

రాజమండ్రి రైలు చరిత్రలో ముఖ్యమైనదంతా గోదావరి గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. దాన్నే నిధివేట ఆటగా మలిస్తే నలుగురి జట్టుకు ఒక పూట చాలు: ఒక్కో కవరులో ఒక ప్రశ్న, మొదటి మూడు వంతెనల స్పాన్‌లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) కలిపితే తాళం నంబరు. నాలుగు కవర్లు, మూడంకెల నంబరు తాళం వేసిన చిన్న డబ్బా, కాగితం, పెన్ను సిద్ధం చేసుకోవాలి. ఫోన్లు మాత్రం సంచిలోనే ఉండాలి, లేకపోతే ఆట పది నిమిషాల్లో అయిపోతుంది.

మొదలు పుష్కర ఘాట్ దగ్గర, ఉదయం ఏడింటికి. నది ఊరికి పడమటి వైపు కాబట్టి పొద్దుటి ఎండ మన వెనక నుంచి వంతెనల మీద పడి స్తంభాలు విడివిడిగా తెలుస్తాయి. సాయంత్రం ఫొటోలకు బాగుంటుంది గానీ చిక్కుముళ్లకు పనికిరాదు.

మొదటి కవరు హేవ్‌లాక్ వంతెనది. బెజవాడ–కటక్ లైను 1896కే పూర్తయినా, 1900లో ఈ వంతెన తెరిచేదాకా గోదావరి దగ్గర దారి తెగే ఉండేది. 1997 దాకా దీని మీద రైళ్లు నడిచాయి. ప్రశ్న: ఒక్కో స్పాన్ 45.7 మీటర్లు, అన్నీ కలిపితే 2,559, ఎన్ని? జవాబు 56. కంటితో లెక్కపెట్టమంటే కొవ్వూరు వైపు మంచులో కలిసిపోయి నలుగురూ నాలుగు అంకెలు చెబుతారు. ఏ వంతెన మీదా మాత్రం క్లూ దాచవద్దు. రైలు పట్టాలెక్కితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

రెండోది 1974 నాటి రోడ్ కం రైలు వంతెన: పైన రోడ్డు, కింద రైలు. రైలు భాగం స్పాన్‌లన్నీ కలిపి సుమారు 2,790 మీటర్లు. 91.5 మీటర్లవి 27, మిగతావి 45.72 చొప్పున ఎన్ని? ఏడు, మొత్తం 34. రాజమండ్రి చివర వంతెన వంపు తిరిగేది ఈ చిన్న స్పాన్‌ల మీదే.

మూడోది 1997లో పూర్తయిన కాంక్రీటు కమాన్ల వంతెన, 28 స్పాన్‌లు. రైల్లోంచి లెక్కపెట్టించాలని ఆశ పుడుతుంది కానీ, మీ బండి ఈ వంతెన మీదుగానే వెళ్తుందన్న హామీ లేదు. గట్టు మీంచే చూపించండి.

తాళం నంబరు 56+34+28, అంటే 118. ఎక్కువ జట్లు చిన్న స్పాన్‌లు మరిచిపోయి 111 తిప్పుతాయి.

నాలుగో కవరు స్టేషన్‌లో: పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసుకురావాలి. దీనికి రాజమండ్రి స్టేషన్ రద్దీ కంటే గోదావరి స్టేషనే హాయి. పది రూపాయల ప్లాట్‌ఫాం టిక్కెట్టు రెండు గంటలు చెల్లుతుంది. బోర్డులు మారుస్తుంటారు, ముందురోజు మీరే వెళ్లి చూసుకోండి.

బసకు స్టేషన్ రిటైరింగ్ రూములు చవక, కానీ ఖాయమైన లేదా ఆర్‌ఏసీ టిక్కెట్టు పీఎన్‌ఆర్ కావాలి. పిల్లలుంటే గట్టు దగ్గరి లాడ్జి మేలు, ఆటో ఖర్చు తగ్గుతుంది. కొవ్వూరు వైపు వెళ్లాలనుకుంటే రోడ్డు వంతెన మరమ్మతులకు మూసి ఉందేమో ముందే కనుక్కోవాలి. జూలై, ఆగస్టుల్లో వరదకు ఘాట్ మెట్లు మునుగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

నిధి డబ్బాను హోటల్ కౌంటర్‌లో పెట్టించండి. ఘాట్‌లోనో ప్లాట్‌ఫాం మీదో వదిలితే అనుమానాస్పద వస్తువని మీ జట్టు కంటే ముందే పోలీసులు పట్టుకుపోతారు.