కావడి అన్నం, చింతపండు లక్సా: జార్జ్‌టౌన్‌లో ఐదు రోజుల తిండి

గిన్నెలోంచి ఒక చెంచాడు నోట్లో పోసుకుని అక్క అన్న మొదటి మాట: "ఒరే, ఇది మన చేపల పులుసేరా. ఎవరో సేమ్యా వేసి పాడుచేశారు."

మూడో చెంచా తర్వాత పాడుచేశారన్న మాట వెనక్కి తీసుకుంది. గిన్నె సగమయ్యాక నా గిన్నెలోకి చూడటం మొదలుపెట్టింది.

మలేసియాలోని పినాంగ్ దీవి, జార్జ్‌టౌన్ ఊరి శివారు, ఎయిర్ ఇటమ్ సంత దగ్గర ఒక ఇనుప బల్ల. పైన కొండ మీద కెక్ లోక్ సీ బౌద్ధాలయం. మేము తింటున్నది ఆసామ్ లక్సా. ఆసామ్ అంటే మలయ్ భాషలో పులుపు, చింతపండుకీ అదే మాట. కానాగంతల్లాంటి చేపల్ని ఉడికించి, ముళ్లు ఏరి, చిదిమేసి, చింతపండు పులుసులో మరిగిస్తారు. మలబారు చింతకు దగ్గరి చుట్టమైన ఒక కాయని ఎండబెట్టిన ముక్కలు కూడా పడతాయి, అందుకే పులుపు రెండు రకాలుగా తగులుతుంది. నిమ్మగడ్డి, బుంగ కాంటాన్ అనే గులాబీ రంగు అల్లంజాతి పువ్వు వాసన ఇస్తాయి. లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద ఆ పులుసు పోసి, దోసకాయ, అనాస, పచ్చి ఉల్లిపాయ, పుదీనా చల్లుతారు. చివర్న చెంచా అంచున నల్లగా, తారులాగా ఒక ముద్ద ఇస్తారు. దాని పేరు హే కో, రొయ్యలతో చేసిన తీపి పాకం. చూస్తే భయమేస్తుంది. భయపడి పక్కన పెట్టేస్తే మాత్రం మీరు లక్సా తిననట్టే. మొత్తం ఒకేసారి కలిపెయ్యకండి, కొంచెం కొంచెంగా కలుపుకుంటూ తినండి. గిన్నెకి ఏడు రింగిట్లు ఇచ్చాం. రింగిట్ అంటే మన డబ్బులో ఇరవై రూపాయల చుట్టుపక్కల.

మిగతా ఊళ్లలో లక్సా అంటే ఎక్కువగా కొబ్బరిపాలతో చేసేదే. అది తిని "లక్సా నాకు తెలుసు" అనుకుని వచ్చేవాళ్లు ఇక్కడ కంగుతింటారు. నేనూ తిన్నాను.

మేము ముగ్గురం వెళ్లాం. అక్క చేప, కోడి తింటుంది. బావ పూర్తి శాకాహారి, గుడ్డు వాసన కూడా పడదు. నేను అన్నీ తింటాను. ఒక ఊరి తిండిని బేరీజు వెయ్యడానికి ఇంతకంటే మంచి జట్టు ఉండదని వెళ్లేముందు నా నమ్మకం. బావకి ఆ నమ్మకం లేదు, రెండు కిలోల అటుకులు సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరారు.

చెన్నై నుంచి నేరుగా విమానం, నాలుగు గంటలు. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా మినహాయింపు ఉంది. అది ఇంకా కొనసాగుతోందో లేదో టికెట్ కొనేముందు చూసుకోండి. దిగడానికి మూడు రోజుల ముందునుంచి ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపొచ్చు. అక్కడ దిగాక నింపుదాంలే అనుకున్నవాళ్లు క్యూ పక్కన నిలబడి ఫోన్లతో తంటాలు పడటం చూశాం.

ఈ ఊళ్లో తిండి ఇలా కలగలిసిపోవడానికి కారణం ఒకే వీధిలో నడిస్తే కనపడుతుంది. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఆంగ్లేయుడు ఈస్టిండియా కంపెనీ తరఫున దీవిలో దిగి, సుంకం లేని రేవు తెరిచాడు. చైనా నుంచి హొక్కియన్లు, మన తూర్పు తీరం నుంచి చూలియా ముస్లిం వర్తకులు, పక్కనే ఉన్న మలయ్‌లు, ఉత్తరాన సయామీలు (ఇప్పటి థాయ్‌లాండ్ వాళ్లు), అందరూ చేరారు. మస్జిద్ కాపితాన్ కెలింగ్ వీధిలో సెయింట్ జార్జ్ చర్చి, చైనీయుల కరుణాదేవి గుడి, 1801 నాటి మసీదు, పక్క సందులో 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, అన్నీ పది నిమిషాల నడకలో అయిపోతాయి. ఆ 'కెలింగ్' అన్న మాట మన 'కళింగ' నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడు తీరం దాటి వచ్చినవాళ్లందరికీ అదే పేరు. ఇప్పుడు మనుషుల్ని అలా పిలిస్తే తిట్టుకింద లెక్క, మసీదు పేరులో మాత్రం మిగిలింది. 2008లో యునెస్కో ఈ పాత ఊరిని మలక్కా అనే ఇంకో పాత రేవు పట్టణంతో కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ మసీదు చుట్టుపక్కలే నాసి కందర్ కొట్లు. నాసి అంటే అన్నం. కందర్ అంటే కావడి. తమిళ ముస్లింలు భుజాన కావడి వేసుకుని, ఒకవైపు అన్నం తపేలా, ఇంకోవైపు కూరల తపేలా పెట్టుకుని రేవు కూలీలకి అమ్మేవారు. ఇప్పుడు కావడి లేదు, పేరు నిలిచింది. 1907 నాటి హమీదియా లాంటి పాత హోటళ్లు ఇంకా నడుస్తున్నాయి. పద్ధతి ఇది: అన్నం పళ్లెం పట్టుకుని వరస కూరల ముందు నడవాలి, వేలుతో చూపించాలి. చివర్న "బంజిర్" అనాలి. బంజిర్ అంటే వరద. వడ్డించేవాడు నాలుగైదు కూరల పులుసులు కలిపి అన్నం మునిగేలా పోస్తాడు. మనింట్లో కూర పక్కన ఇంకో కూర అంటుకుంటేనే గొడవ చేసే నాకు, ఆ కలగాపులగం మొదట్లో నచ్చలేదు. తింటుంటే తెలిసింది, రుచి ఉన్నదంతా ఆ వరదలోనే. మసాలా తమిళుల చేతిదే, కానీ సోయా, చక్కెర, దాల్చినచెక్క ఎక్కడో అడుగున దూరి దాన్ని మన కూర కాకుండా చేశాయి.

ఒక జాగ్రత్త. కూరల మీద ధర రాసి ఉండదు. రెండో రాత్రి ఒక కొట్లో (పేరెందుకు) నేను అరచెయ్యంత రొయ్య, స్క్విడ్ గుడ్ల సంచి, కోడి ముక్క చూపించి వచ్చాను. బిల్లు 46 రింగిట్లు. పక్క బల్ల మీద మనిషి కోడి, బెండకాయలతో 13కి తిన్నాడు. మోసం కాదు, పెద్ద రొయ్య ఎక్కడైనా పెద్ద రొయ్యే. పళ్లెంలో పడకముందే "బెరాపా?" అని అడిగితే చెప్తారు. ఎంత అని అర్థం.

ఇక బావ సంగతి. "సాయుర్" అంటే శాకాహారం అనుకున్నారు. అది కూరగాయ అని మాత్రమే. పచ్చగా నిగనిగలాడే తోటకూరలాంటి వేపుడు తెప్పించుకుని, రెండో ముద్దకి ఆగిపోయారు. అందులో బెలాచాన్, అంటే ఎండబెట్టి ముద్దచేసిన రొయ్యపొట్టు. ఈ ఊళ్లో ఆకుకూరకి కూడా ఉప్పులాగే అది పడుతుంది. ఆ రాత్రి అటుకులు బయటికొచ్చాయి.

మర్నాడు దారి దొరికింది. చైనా బౌద్ధుల శాకాహార హోటళ్లు ఊరంతా ఉన్నాయి. చాంద్రమానం ప్రకారం పాడ్యమికీ, పున్నమికీ భక్తులు మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో రద్దీ. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. సోయా, పుట్టగొడుగులతో చేసిన "కోడి", "చేప" చూసి బావ మొదట మొహం తిప్పుకున్నారు. తర్వాత "ఏమయ్యా, చేపంటే ఇలాగే ఉంటుందా?" అని నన్నే అడిగారు. లిటిల్ ఇండియాలో దోసె, ఇడ్లీ హోటళ్లు ఎలాగూ ఉన్నాయి, కానీ అంతదూరం వెళ్లి ఇడ్లీ తినడం ఆయనకే చిన్నతనంగా అనిపించింది. పొద్దున్నే మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లింల కొట్లో, మన పరోటాలాంటి రోటీ చానాయ్, పప్పు తినేవారు. పప్పులో మాంసం పులుసు కలిపారా అని అడిగాకే. మామక్ అంటే మన 'మామ'లాంటి మాటే, తమిళం నుంచి వచ్చింది. శాకాహారులు మూడు ముక్కలు నేర్చుకుంటే పనికొస్తాయి: తాక్ మావ్ దాగింగ్, తాక్ మావ్ ఇకాన్, తాక్ మావ్ ఉదాంగ్. మాంసం, చేప, రొయ్య వద్దని. మూడోదే ముఖ్యం.

చార్ క్వే తియావ్ గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, రొయ్యలు, మొలకలు, గుడ్డు, చిన్న సముద్రపు గుల్లలు, మండిపోయే మూకుడు. చాలామంది పందికొవ్వులో వేపుతారు, వద్దనుకుంటే హలాల్ బోర్డున్న కొట్టు వెతుక్కోవాలి, అక్క అలాంటిచోటే తింది. మంచి కొట్టుకి గుర్తు ఒకటే: ఒకసారికి ఒక్క పళ్లెమే వేపుతాడు. ఐదు పళ్లేలవి కుమ్మరించి కలిపేవాడి దగ్గర పొగ వాసన పట్టదు, మెత్తగా ముద్దవుతుంది. మేము ముప్పావుగంట నిలబడ్డాం. నన్నడిగితే ఇరవై నిమిషాల విలువ చేస్తుంది.

ఒక విచిత్రమైన నిబంధన ఇక్కడే తెలిసింది. 2016 నుంచి పినాంగ్‌లో వీధి కొట్ల దగ్గర ప్రధాన వంటవాళ్లుగా విదేశీయులు ఉండకూడదు. రుచి మారిపోతుందని భయం. వలస వచ్చినవాళ్లు కావడి మోసి పుట్టించిన తిండిని, ఇప్పుడు వలస వచ్చినవాళ్లు వండకూడదు! ఈ మాట అంటే పక్క బల్ల మీది ముసలాయన నవ్వి, టీ చల్లారిపోతోందని చూపించాడు.

న్యోన్యా వంట తినడానికి మాత్రం కూర్చుని తినే హోటల్‌కే వెళ్లాలి. ఎప్పుడో వచ్చి స్థిరపడిన చైనీయుల, స్థానికుల కలయికలో పుట్టిన పెరనాకన్ కుటుంబాల ఇంటి వంట అది. ఆ ఆడవాళ్లని న్యోన్యా అంటారు. మలక్కా వైపు కొబ్బరిపాలు, తీపి ఎక్కువ. పినాంగ్ వైపు సయాం గాలి తగిలి పులుపెక్కువ. అరటాకులో ఆవిరిమీద ఉడికించిన చేప ముద్ద ఓటక్ ఓటక్, కాపితాన్ కోడి కూర తిన్నాం. కోడి కూర బాగుంది. ఓటక్ ఓటక్ అద్భుతం: మెత్తగా, జున్నులాగా, అడుగున ఆకు చేదు. ముందురోజు పెరనాకన్ మాన్షన్ మ్యూజియం చూసి వెళ్లడం మంచిదైంది. ఆ పింగాణీ గిన్నెలు, వంటగది చూశాక ఆ రోళ్లలో ఎంత నూరి ఉంటారో అర్థమైంది.

అదే ఉత్సాహంలో నాలుగో రాత్రి "ఆధునిక ఫ్యూజన్" అని రాసుకున్న ఒక ఖరీదైన చోటుకి వెళ్లాం. లక్సా రుచి పాస్తా. ముగ్గురికీ 290 రింగిట్లు. పళ్లెం అందంగా ఉంది. అక్క పులుపు కోసం నిమ్మకాయ అడిగింది, అంతకంటే చెప్పేదేం లేదు. ఈ ఊళ్లో కలపాల్సినవన్నీ రెండొందల ఏళ్లుగా ఆకలితో ఉన్నవాళ్లు కలిపేశారు. మళ్లీ కలపబోతే అది వంటగది సరదాలా ఉంటుంది.

తీపిలో చెండోల్ వదలొద్దు. కెంగ్ క్వీ సందులో 1936 నుంచి ఉన్న బండి దగ్గర నిలబడే తిన్నాం. తురిమిన మంచు, కొబ్బరిపాలు, కొబ్బరి చెట్టు నీరా కాచిన బెల్లం, ఎర్ర చిక్కుడు గింజలు, పాండాన్ ఆకు రంగు పురుగుల్లాంటి పచ్చటి ముక్కలు. బావ రెండు గిన్నెలు తిన్నారు. శంఖుపూల నీలం రంగుతో చేసే పులుట్ తాయ్ తాయ్ అనే జిగురన్నం ముక్కలు చూడ్డానికే ఎక్కువ బాగున్నాయి, తోడు ఇచ్చే 'కాయా' అనే కొబ్బరి జామ్ గుడ్డుతో చేసింది కాబట్టి బావకి అదీ లేదు. జాజికాయ పండు గుజ్జు రసం మాత్రం ముగ్గురికీ నచ్చింది. మనం గింజనే చూస్తాం, అక్కడ కండా తాగుతారు.

బస విషయానికొస్తే, మొదటి రెండు రాత్రులు పాత ఊళ్లో, దుకాణం మీద ఇల్లు ఉండే పద్ధతిలో కట్టిన శతాబ్దం నాటి భవనంలో. ఫొటోల్లో నేల పలకలు చూసి మోసపోయాం. మెట్లు నిచ్చెనలా నిటారు, అక్క మోకాళ్లు మొర్రో అన్నాయి. చెక్క గోడల్లోంచి పక్కగది గురక. కిటికీ లేని గది. తర్వాత కోమ్టార్ భవనం దగ్గర మామూలు హోటల్‌కి మారాం. అందం లేదు, లిఫ్టు ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్టు, కిటికీ అనే రెండు మాటలు ముందే రాసి అడగండి. ఎక్కడున్నా విదేశీయులు గదికి, రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా కట్టాలి. ఆన్‌లైన్ ధరలో అది కలిసిందో లేదో చూసుకోండి.

బస్సులు శుభ్రం. 204 నంబరు ఎయిర్ ఇటమ్ మీదుగా పినాంగ్ కొండ దాకా పోతుంది. చిల్లర తిరిగివ్వరు, సరిగ్గా పట్టుకోండి. ముగ్గురుంటే గ్రాబ్ యాప్‌లో పిలిచే కారే సుఖం. వీధి కొట్లకి నగదు కావాలి. కాఫీ కొట్టు మర్యాద ఒకటుంది: ముందు బల్ల పట్టుకోవాలి, తిండి బళ్లవాళ్లకి బల్ల నంబరు చెప్పాలి, తెచ్చినప్పుడు డబ్బివ్వాలి. పానీయం మాత్రం కొట్టు యజమానిది, ఏదో ఒకటి చెప్పి తీరాలి. కాఫీ గింజల్ని చక్కెరతో వేయిస్తారు కాబట్టి మాడు బెల్లం వాసన. పాలు వద్దంటే కోపీ ఓ, చక్కెరా వద్దంటే కోపీ ఓ కోసోంగ్. మంచి కొట్లు మధ్యాహ్నం రెండింటికే సర్దేస్తాయి, వారంలో ఏ రోజు మూస్తారో వాళ్లిష్టం. రెండుసార్లు మూసిన తలుపు చూసి వచ్చాం.

చివరిరోజు అక్క సంతలో హే కో డబ్బా కొంది. చేతిసంచిలో పెట్టబోతుంటే పాకాలు విమానంలోకి రానివ్వరని ఆపి, మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెద్ద పెట్టెలో వేశాను. అటుకులు తగ్గిన చోట సరిగ్గా పట్టింది.

మొన్న ఫోన్ చేసి అడిగాను. కానాగంతల పులుసులో ఒక చెంచా కలిపిందట. బావ ఆ రోజు పెరుగన్నం పళ్లెం పట్టుకుని వరండాలో కూర్చుని తిన్నారట.