‘నార్మన్’ అనే మాట వెంట నార్మండీ: ఏ ఊళ్లో దిగాలి, ఎక్కడ ఉండాలి

నార్మన్ అంటే ఉత్తరం మనిషి. స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాషలో ‘నోర్ద్ర్’ ఉత్తరం, ‘మథ్ర్’ మనిషి, పలువురైతే ‘మెన్’. మనం ఔత్తరాహులు అన్నట్టే ఇదీ దిక్కును బట్టి పుట్టిన పేరు. లాటిన్ రాతల్లో నోర్త్‌మన్నుస్, నోర్మన్నుస్ అయి, పాత ఫ్రెంచిలో నోర్మాన్‌గా కుదురుకుంది. దీన్ని ‘నార్వే వాళ్లు’ అని తెలుగు చేస్తే తప్పు. వచ్చినవాళ్లలో డేన్లూ ఉన్నారు, నార్వే వాళ్లూ ఉన్నారు. సెన్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంకులకు, అంటే అప్పటి ఫ్రాన్స్ వాళ్లకు మాత్రం అందరూ ఉత్తరం నుంచి పడవల మీద వచ్చి దోచుకునేవాళ్లే. ఆ తిట్టులాంటి పేరు తర్వాత డ్యూక్ బిరుదులో చేరింది, ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక నేలకే నార్మండీ అని పేరైంది. ఈ మార్పును అక్కడి రాళ్ల మీద, బోర్డుల మీద ఇప్పటికీ చదవొచ్చు.

911లో ఫ్రాంకుల రాజు మూడో చార్లెస్, నార్మన్ల నాయకుడు రోలో ఈ నేల గురించి ఒప్పందం చేసుకున్నది సాఁ క్లేర్ సుర్ ఎప్త్‌లో. ఊరి పేరు గొప్పదే కానీ అక్కడ చూడడానికి శిథిలమైన కోట, చిన్న ఏరు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఊళ్లో రైలు స్టేషన్ కూడా లేదు. సొంతంగా కారు నడుపుతుంటే దారిలో ఆగండి, లేకపోతే వదిలేయండి.

బసకు మా ఓటు రూవాన్‌కే. పారిస్ సాఁ లజార్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటన్నర. గేట్లు బయల్దేరే టైముకు కాస్త ముందే మూసేస్తారు కాబట్టి ఆఖరి నిమిషంలో పరిగెత్తి ఎక్కే ఆశ పెట్టుకోవద్దు. కథీడ్రల్‌లో రోలో శయన విగ్రహం ఉంది, అతని కొడుకు విలియం లాంగ్‌స్వోర్డ్‌దీ ఉంది. సోమవారం ఉదయం గుడి మూసి ఉంటుంది. చాలామంది ఆ రోజే వెళ్లి తలుపు చూసి తిరిగొస్తారు. స్టేషన్ నుంచి గుడి దాకా పావుగంట నడక, దిగుడు దారి. తిరుగు ప్రయాణంలో అదే ఎగుడవుతుంది కాబట్టి పెట్టెలుంటే స్టేషన్ కిందికే వచ్చే మెట్రో ఎక్కండి.

రూవాన్ నుంచి ల హావ్ర్ వైపు అన్ని స్టేషన్లలో ఆగే రైలే ఎక్కండి, ఎక్స్‌ప్రెస్ వద్దు. ఎందుకంటే ఈ మాట అసలు రుచి ఆ బోర్డుల్లోనే ఉంది. నార్స్ నుంచి వచ్చిన మాటల్లో ‘బెక్’ అంటే వాగు, ‘తోత్’ అంటే ఇంటి స్థలం. బోల్బెక్–న్వాఁతో స్టేషన్ బోర్డు మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇవ్‌తో కూడా ఆ కోవలోదే. రాతలో చివర ‘త్’ ఉంటుంది, పలుకులో పోతుంది. అందుకే అనౌన్స్‌మెంటు వింటూ కూర్చుంటే పట్టుకోలేరు, బోర్డే చదవాలి. మన ఊళ్ల పేర్ల చివర పాలెం, గూడెం చూసి ఆ ఊరి పుట్టుక చెప్పినట్టే అక్కడివాళ్లూ చెబుతారు.

బాయూ వెళ్లేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. నార్మండీ డ్యూక్ విలియం (లాంగ్‌స్వోర్డ్ కాదు, తర్వాతివాడు) 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన కథను కుట్టిన దాదాపు 70 మీటర్ల వస్త్రం ఉండే మ్యూజియాన్ని 2025 సెప్టెంబరు 1న మూసేశారు, 2027 అక్టోబరులో తెరుస్తామని ప్రకటించారు. ఈ లోపు వస్త్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లేలా ఒప్పందం ఉంది. ఎక్కడ చూసినా దాని మీద కుట్టిన లాటిన్ అక్షరాలు వదలొద్దు. ఒకచోట విలియంను ‘నోర్మన్నోరుం’ (నార్మన్ల) డ్యూక్ అన్నవాళ్లే, యుద్ధం దగ్గరికొచ్చేసరికి అతని సైనికులను ‘ఫ్రాంకీ’ (ఫ్రాంకులు) అని రాశారు. 1066 నాటికి ఒకే సేనకు రెండు పేర్లు నడిచాయన్నమాట. వస్త్రం లేకపోయినా 1077లో ప్రతిష్ఠ జరిగిన కథీడ్రల్ కోసం ఒక పూట పెట్టొచ్చు, రాత్రి బస అక్కర్లేదు. జూన్ మొదటి వారంలో డీ-డే (రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనలు ఈ తీరంలో దిగిన రోజు) వేడుకలకు గదులు నిండిపోతాయి, రేట్లూ పెరుగుతాయి.

కాన్‌లో ఒక రాత్రి సరిపోతుంది. స్టేషన్ నుంచి ట్రామ్ కోట దగ్గరే దింపుతుంది. పురుషుల మఠం గుడిలో విలియం సమాధి పలక మీద ‘నోర్మన్నియే దుక్స్’ (నార్మండీ డ్యూక్) అని చెక్కి ఉంటుంది. దోపిడీదారుల పేరు రాజ్యం పేరుగా మారింది చూడాలంటే ఆ పలక ముందు నిలబడాలి. కింద మిగిలింది ఒక తొడ ఎముక మాత్రమే.

బస విషయంలో కర్రచట్రాల పాత ఇళ్లలోని హోటళ్లు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి. కానీ చాలావాటిలో లిఫ్ట్ ఉండదు, మెట్లు మెలికలు తిరుగుతాయి, పై అంతస్తులో అడుగేస్తే కింద వినిపిస్తుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు లిఫ్ట్ సంగతి రాసి అడగండి. పల్లెల్లో ఇంటివాళ్లు అద్దెకిచ్చే గదుల్లో పొద్దుటి టిఫిన్ కలిపే ఇస్తారు, కారు లేకుండా మాత్రం చేరలేరు.

మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్లలో వంట ఆపేస్తారు. శాకాహారులు గలెత్ (పల్చటి అట్టు) అడగొచ్చు, అయితే ‘కొంప్లెత్’ అంటే పంది మాంసం వేస్తారు, చీజ్ మాత్రమే వేయమని చెప్పాలి. తెర్‌గూల్ దొరికితే వదలకండి. బియ్యం, పాలు, పంచదార, దాల్చినచెక్క కలిపి సన్నని సెగ మీద గంటలకొద్దీ పొయ్యిలో పెడతారు. పైన గోధుమరంగు మీగడ అట్టు కడుతుంది, కింద అచ్చం మన పాయసమే.